చిరునామా పట్టీ లేని కిటికీ

క్లాక్స్‌విక్ రేవులో నవంబరంటే
మధ్యాహ్నం మూడున్నరకే దీపం వేసుకోవడం.
మంచుగడ్డల షెడ్డు పైన, మేడ గదిలో
రన్వా చేపల ఫ్యాక్టరీ తరఫున వేలంపాట పాడుతుంది.
వేలాన్ని పాట అన్నది మనమే.
ఆమె నోరు మెదపదు. చూపుడువేలొక్కటే పాడుతుంది,
మౌస్ మీద.

బ్రౌజర్లో అరవై ఒక్క ట్యాబులు,
పేర్లు చదవరానంత సన్నగా నలిగి
ఫుట్‌బోర్డు మీద వేలాడే జనంలా:
గాలివాన సూచన, బ్యాంకు, సొరంగం టోలు బాకీ,
సగంలో ఆగిన స్వెట్టరు అల్లిక,
వాటి మధ్యెక్కడో ఇరుక్కుని వేలం.

ఒక బుధవారం అల్లికను మూయబోయి
వేలాన్ని మూసింది.
వెతికి, తెరిచి, పాస్‌వర్డు కొట్టేసరికి
పన్నెండు టన్నుల కాడ్
స్కాట్లండు వాడి పాలయింది.
మేనేజరు తిట్టలేదు.
కాఫీ కప్పు కిందపెట్టిన చప్పుడు చాలింది.

తూకాల మిషన్లు చూసే తైతుర్ పైకొచ్చాడు,
నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.
ఒక చిన్న ప్రోగ్రాం ఎక్కించి, వేలం అడ్రసు దానికిచ్చి,
"ఇక దీనికి వేరు కాపురం" అన్నాడు.
ట్యాబుల ఉమ్మడి సంసారంలోంచి లేచొచ్చి
వేలం తన గుమ్మంలో తాను నిలబడింది:
అడుగున సొంత గుర్తు, సొంత గంట,
పైన చిరునామా పట్టీ లేదు, వెనక్కి బాణం లేదు.
బయటి లింకు నొక్కితే
చెప్పులు చేతికిచ్చినట్టు బ్రౌజర్లోకి సాగనంపుతుంది.

రన్వాకి నచ్చింది.
నచ్చి, ఇంకొకటి అడిగింది.
మొగుడు హానుస్ పడవ, "రీటా", దాని చేపలూ అక్కడే అమ్మాలి.
ప్రతిసారీ ఫ్యాక్టరీ పేరుతో బయటికొచ్చి
ఇంటిపేరుతో లోపలికెళ్ళడం విసుగు.
అదే సైటుకి తైతుర్ రెండో కిటికీ కట్టాడు.
కొనేదానికి నీలం గుర్తు, అమ్మేదానికి ఎరుపు.
"ఒకదాని కుకీలు ఇంకోటి ముట్టదు.
పక్కపక్కనే ఉన్నా ముఖపరిచయం ఉండదు" అన్నాడు.

జనవరిలో, తుఫాను వదిలిన మర్నాడు,
నీలం కిటికీలో కనబడింది:
రీటా, మాంక్‌ఫిష్, నూట నలభై కిలోలు.
ఎరుపు కిటికీలో, రాత్రి హానుస్ చెప్పి పెట్టించిన
తక్కువలో తక్కువ ధర.
ఫ్యాక్టరీకి మాంక్‌ఫిష్ కావాలి. పొద్దున్నే అడిగాడు మేనేజరు.

తైతుర్ గోడ గట్టిగానే కట్టాడు.
అది ఆమె తల మధ్యగా పోతుందని మాత్రం చెప్పలేదు.

గంట మోగింది. పదిహేను సెకన్లు.
ఇంకొక్క నొక్కు నొక్కితే మొగుడికి నాలుగు డబ్బులు,
ఆ అంకె దగ్గరే ఆగితే ఫ్యాక్టరీకి.
ఎటు నొక్కినా తెలిసి నొక్కినట్టే.
చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.
ట్వోరోయ్రి వాళ్ళెవరో పాడుకుపోయారు,
కిందటి వారంకన్నా రెండు క్రోన్లు తక్కువకి.

సాయంత్రం హానుస్ అడిగాడు, "ఎంతకి పోయింది?"
చెప్పింది.
"నువ్వక్కడే ఉన్నావుగా?"
"రెండుచోట్లా ఉన్నాను" అంది,
అతని బూట్లలోంచి నీళ్ళు వంచుతూ.

మర్నాడు ఎరుపు గుర్తుని చెత్తబుట్టలోకి లాగింది.
"ధర నువ్వే పెట్టుకో. నాకు చెప్పకు."
ఖాళీ అయిన చోట
తైతుర్‌ని పిలవకుండా, తనే, రెండుసార్లు తప్పుచేసి,
స్వెట్టరు అల్లికకి ఒక కిటికీ కట్టుకుంది.

మెడ అయిపోవచ్చింది.
చేతులింకా ఉన్నాయి.