కొసరు

నా పని మాట మార్చడం.
తప్పుగా అనుకోకండి.
ఫ్రెంచ్‌లో విన్నది సుసులో చెబుతాను,
సుసులో విన్నది ఫ్రెంచ్‌లో.
రోజుకింతని కంపెనీ ఇస్తుంది,
మీటింగు రోజున అన్నం, వేయించిన చేప.

ఇవాళ బడి వరండాలో కూర్చున్నాం.
బాక్సైట్ రైలు దాటేదాకా ఎవరూ నోరు విప్పలేదు.
నూట ఇరవై వ్యాగన్లు.
మా పిల్లలకి అంకెలు నేర్పింది ఆ రైలే.
వెనకాలే ధూళి దిగింది
మా తలల మీద, ఆఫీసరు కాగితాల మీద,
అదొక్కటే
ఎవరికీ తక్కువ కాకుండా పంచుకున్నాం.

ఆఫీసరు చదివాడు:
చేతిపంపుతో బోరు ఒకటి.
ఆసుపత్రి గదికి రేకులు.
ఫుట్‌బాల్ చొక్కాలు ఇరవై రెండు.
కాగితం మడిచి, నవ్వి,
"కాదో" అన్నాడు.

కానుక అని దానర్థం.
మా సంతలో ఇంకో అర్థం ఉంది:
టమాటా డబ్బాతో వేరుశనగలు కొలిచాక
పైన వేసే గుప్పెడు.
నేను "కొసరు" అనే చెప్పాను,
అలవాటు కొద్దీ.
లేదా అలవాటు మీదికి నెట్టి.

యారీ సుమా లేచింది.
ముప్పై ఏళ్లుగా జీడిపప్పు అమ్ముతోంది.
పూత మీద ఎర్రమన్ను పేరుకుని
రెండేళ్లుగా తన చెట్లు కాయక
పొరుగూరి పప్పు కొని అమ్ముతోంది.
చేతిలో కొలత గిన్నె, సత్తుది.
ఎక్కడో కరిగి, గిన్నెగా మారి,
ఓడెక్కి తిరిగొచ్చిన మా మట్టి.
దాన్ని ఆమె డబ్బు పెట్టి కొనుక్కుంది.

గిన్నెను అందరికీ కనబడేలా బోర్లించింది.
"కొసరు ముట్టింది నాయనా.
అసలు ఎప్పుడు కొలిచారు?
ఎన్ని గిన్నెలు పోయాయి?
కొలిచేటప్పుడు
మా చెయ్యి ఒక్కటైనా అంచు మీద ఉందా?
గిన్నె నింపకుండా గుప్పెడు ఇచ్చి పంపితే
నా దగ్గర కొన్నవాడు మళ్లీ వస్తాడా?"

అందరూ నావైపు చూశారు.

నిరుడు ఇదే వరండాలో
ముసలి న్‌ఫాలీ గొంతు పూడుకుపోతుండగా
"మా ఊట చచ్చిపోయింది" అన్నాడు.
నేను "నీటి వసతి మెరుగుపడాలంటున్నారు" అన్నాను.
ఇందాక చదివిన బోరు
ఆ తర్జుమాకి పుట్టిందే.
ఊట గురించి మళ్లీ ఎవరూ అడగలేదు.
ఆ రోజు చేప బాగుంది.

ఈసారి ఒక్కో మాటా
తొక్క తీయకుండా చెప్పాను.
"అసలు" దగ్గర ఆగిపోయాను.
ఫ్రెంచ్‌లో మాటలు లేక కాదు, నాలుగున్నాయి,
ఏదీ గిన్నె అడుగుదాకా దిగదు.
ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని
ఆయన కాగితాల మీద పెట్టాను.

ఆయన కలం కోసం జేబు తడుముకున్నాడు.
అది చెవి మీదే ఉంది.
"రాయండి" అన్నాను,
ఏ భాషలో అన్నానో గుర్తులేదు.

రేవు వైపు నుంచి ఖాళీ వ్యాగన్ల చప్పుడు.
పిల్లలు మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టారు.