రేపు చలనం పరీక్ష

రేపు పదిగంటలకి చలనం పరీక్ష.
ఈ పూట కరెంటు లేదు.
తొమ్మిదో తరగతి బి సెక్షన్, నలభై ముగ్గురు,
కిటికీ పక్క చోటు కోసం తోసుకుంటున్నారు.
పుస్తకంలో ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు.
వీళ్ళు మధ్య కుట్టు దగ్గర ఆగిపోతారు.

వడికీ వేగానికీ తేడా ఏమిటి, దాలినాయుడూ?
లేచాడు. బల్లంచు గోకుతూ,
"వేగానికి దిక్కుంటాది టీచర్. వడికి దిక్కు నేదు."
గొల్లుమన్నారు.
నేనూ నవ్వేను గానీ
ఇంతకంటే సరైన జవాబు గైడులో కూడా లేదు.

పోయిన గురువారం వీళ్ళని
స్టేషను వెనక గట్టు మీదికి తీసుకెళ్ళేను,
హెడ్మాస్టారికి చెప్పకుండా.
పొందూరులో ఆగని బండి ఒకటి వచ్చింది.
స్తంభానికీ స్తంభానికీ అరవై మీటర్లనుకోండి, అన్నాను.
గవరయ్య చేతికి వాళ్ళ మావయ్య వాచీ,
బెల్టుకి దబ్బనంతో పొడిచిన అదనపు కన్నం.
పది ఖాళీలు దాటడానికి ఇరవై సెకన్లు.
బండి గాలి ఇంకా మొహాల మీద ఉండగానే
అట్టముక్క మీద లెక్క తేలిపోయింది:
సెకనుకి ముప్పై మీటర్లు.
"గంటకి నూటెనిమిది!" అని ఒక కేక.
"అయితే మన ఊర్ని ఎంతసేపు చూసినట్టు టీచర్?"
ప్లాట్‌ఫాం ఐదొందల నలభై మీటర్లనుకున్నారు.
భాగించేరు.
పద్దెనిమిది సెకన్లు.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇవాళ చివరగా స్థానభ్రంశం.
బయల్దేరిన చోటికే తిరిగొస్తే సున్నా,
ఎంత తిరిగినా సున్నా.
ఇదిగో నేను, రోజూ ఆమదాలవలసలో ఎక్కి
దూసి మీదుగా వచ్చి
సాయంత్రం పాసింజరుకి అక్కడికే పోతాను.
పదకొండేళ్ళ సర్వీసు, సున్నా,
అన్నాను తేలిగ్గా.
వాళ్ళకీ తేలిగ్గానే వినబడింది.

ఆఖరి బెంచీలో చామంతి చెయ్యెత్తింది.
చామంతి చెయ్యెత్తదు.
పొద్దున్నే కండెలు చుట్టి ఆలస్యంగా వస్తుంది,
జడలో దూదిపోగు, నోట్సులో సగం పేజీలు ఖాళీ.

"మా నాన్నది గుంటమగ్గం టీచర్.
నాడె అటెల్లి మళ్ళీ ఇటొచ్చేస్తాది.
దాని స్థానభ్రంశం సున్నాయే గదా?"
సున్నాయే.
"మరి గుడ్డెలా పెరిగిపోతంది?"

సుద్ద బోర్డుకి ఆనించి నిలబడ్డాను.
చెప్పొచ్చు. నాడె వేరు, దారం వేరు.
నాడె తిరిగొస్తుంది, దారం ఉండిపోతుంది.
చెప్పేను కూడా, బొమ్మ గీసి.
పడుగు గీతలు, పేక గీతలు,
బొమ్మ వంకరగా వచ్చింది.
తలూపింది. అర్థమై కాదు,
నా మీద జాలితో.

"మా మామ్మయితే ఎప్పుడూ విరామస్థితే టీచర్.
రాట్నం ముందు కూకుంటే పొద్దోయేదాకా లెగదు.
దారం మట్టుకి ఇక్కడి నుంచి దూసి దాకా ఎల్తాది."
విరామం అనే మాట
ఆ పిల్ల నోట్లో అలా పలికేక
నాకు పుస్తకం మీద కొంచెం కోపం వచ్చింది.

దాలినాయుడు వెనక్కి తిరిగి,
"అయితే మీ మామ్మకెన్ని మార్కులే?"
"ఐదుకి ఐదు," అంది, కూర్చుంటూ.

గంట కొట్టేరు.
ప్రశ్నపత్రం ఇంకా జిరాక్సుకి ఇవ్వలేదు.
స్టేషన్లో సిమెంటు బల్ల మీద కూర్చుని
ఏడో ప్రశ్న కొట్టేసేను.
అందులో ఒక కారు
పది నిమిషాలు బ్రేకే వెయ్యకుండా పోతుంది,
పొందూరు సెంటర్లో అలాంటిది జరగదు.
దాని చోట రాసేను:

మగ్గం మీద గుడ్డ వెడల్పు నూటపాతిక సెంటీమీటర్లు.
నాడె వెళ్ళి వచ్చింది.
దూరమెంత? స్థానభ్రంశమెంత?
మిగిలిందేమిటి?

మూడోదానికి ఎన్ని మార్కులో తోచక
ఆ జాగా ఖాళీగా వదిలేను.
పాసింజరు ఇరవై నిమిషాలు లేటన్నారు.
ఇంటికెళ్ళి జవాబుల కీ రాసుకోవాలి.