జీరో టికెట్

కిటికీ పక్క సీటు జర ఇడువు పెద్దాయనా,
గా పిల్ల కూసుంటది.
నువ్వు ములుగుల దిగుడే గదా, నా సీట్ల కూసో.

ఆధార్ తీయమ్మా. ఈసం స్రవంతి, తాడ్వాయి.
ఇగో జీరో టికెట్.
సంకలున్నాయనకు గది గూడ అక్కర్లే.
ఎన్నొద్దులాయె? ఇరవై రెండా?
మరి గంతగనం ఏడుస్తుంటె
కొంగు ఎందుకు బిగవట్టుకున్నవ్?
ఎవ్వలు చూడరు, అందరు ఫోన్లల్ల ఉంటరు.
చూసెటోడు ఉంటె
వాని తల్లి గూడ గిట్లనే ఇచ్చిందని యాది చేస్త.

ఆరెపల్లి... ఆరెపల్లి ఎవరన్న ఉన్నరా?

ఒంగకు. పిల్లగాని మీదికి నువ్వు ఒంగుతె
రేపటికి నడుము లేవది.
వాన్నే దగ్గరికి తీస్కో, కడుపుకు కడుపు ఆనాలె.
కొస ఒక్కటే నోట్లె పెడితె కొరుకుతడు,
నల్లగున్నది గూడ లోపటికి పోవాలె.
గట్ల.
చూసినవా, దవడ ఎట్ల ఆడుతున్నదో.
పగిలిందా? తాగినంక నీ పాలే రెండు సుక్కలు
రాసి ఆరనియ్యి.

గుడెప్పాడ్! పరకాలోళ్లు దిగుండ్రి, బస్సు మారాలె.

నాది గూడ పరకాలే.
ఈ క్రాసు కాడ ప్రతి ట్రిప్పు
నా మెడ దానంతటదే ఎడమకు తిరుగుతది.

పాలు సాలుతలేవని ఎవరన్నరు, చిన్నత్తనా?
డబ్బపాలు తెమ్మన్నదా?
ముందు తడిబట్టలు లెక్కవెట్టమను.
పొద్దుకు ఆరు తడిపిండంటె సాలినట్టే.
ఏడ్సుడంత ఆకలి గాదు,
ఒక్కోపారి నీ వాసన కోసం ఏడుస్తరు.
ఎండలు ముదిరినయని నీళ్లు తాపుతరు, వద్దను.
ఆర్నెల్ల దాక వానికి నీళ్లు గూడ నీ పాలల్లనే ఉన్నయ్.
తాగాల్సింది నువ్వు. ఇగో బాటిల్.

మా అత్త వంకాయ వద్దన్నది, చల్ల వద్దన్నది,
పెసరపప్పు మొత్తానికే వద్దన్నది.
ఇరవై ఒక్క దినాలు ఎల్లిగడ్డ కారం, బువ్వ.
ఇరవై రెండో దినం
పక్కింటోళ్ల వంకాయకూర దొంగతనంగ తిన్న.
నా బిడ్డ ఎప్పటికన్న మంచిగ పండింది.

జాకారం! తొందరగ దిగుండ్రి.

ఒక్కటి మాత్రం యాదిపెట్టుకో.
రొమ్ము రాయి లెక్కయి జరం వస్తే
దిష్టి అనుకుంట ఇంట్ల కూసోకు.
తాపుడు ఆపకు, దవాఖానకు పో.

నాకా? ఉన్నది. ఏడు నెలలు.
డ్యూటీ ఎక్కిన మొదటి దినం
ఖాకీ అంగీ మీద రెండు మరకలు.
టికెట్ మిషను అడ్డం పెట్టుకొని
బస్సు ఆ కొస నుంచి ఈ కొస దాక నడిచిన.
ఎవ్వలేమనలే. ఒక ముసలామె మాత్రం
చిల్లర తీసుకుంట మెల్లగన్నది,
"ఇంటికాడ ఏడుస్తుంది బిడ్డా."

డిపోల రూము ఉన్నది, గడియ లేదు.
కుర్చీ అడ్డం ఏసి స్టీలు గిలాసల పిండుత.
ఎవ్వరి కాళ్ల కింద పడొద్దన్నది మా అమ్మ,
గోడెనుక జామచెట్టు మొదట్ల పోస్త.
ఇప్పుడు దానికి పిందెలు పట్టినయ్.
డ్రైవర్లు ఉప్పు కారం తయారు పెట్టుకున్నరు.
నేనేం చెప్పలే.

పస్రా దాటింది. అడివి.
ఫోన్ల గీతలన్ని పోయినయ్.
బస్సుల అందరు కునుకుతున్నరు,
బుడ్డోని గుటకలే ఇనవడుతున్నయ్.
ఒకటి. ఇంకోటి. జరసేపు ఆగి, ఇంకోటి.
మిషను ఇటు జరుపుకున్న.

తాడ్వాయి.
మెట్టు చూసుకో, తల పట్టుకో, పైలం.
దిగేటామె దిగక
సంచిల చెయ్యి పెట్టి ఎతికింది,
పాత చీర చింపి మడతలేసిన బట్ట,
నా చేతుల పెట్టింది.
"లోపట పెట్టుకో అక్కా" అన్నది.
గంతసేపు నేనే మాట్లాడిన,
ఆమె నా అంగీనే చూసిందన్నట్టు.

రైట్ అనాలె.
గొంతు రాలే.
డ్రైవరు అద్దంల చూసి తనే పోనిచ్చిండు.