కొలతల పుస్తకంలో ఒక పేజీ

శుక్రవారం మిషను బెల్టు తెగింది.
కొత్తది సోమవారం గానీ రాదన్నాడు
పూర్ణా మార్కెట్ కొట్టువాడు.
కంచరపాలెంలో షట్టర్ దించేసి,
పన్నెండేళ్ళలో మొదటిసారి,
మెడలో టేపు తియ్యడం మరిచిపోయి
కిరండోల్ పాసింజరెక్కాను.
పక్కన కాజాలు కుట్టే నూకరత్నం,
దాని ఒళ్ళో పులిహోర డబ్బా.

శృంగవరపుకోట దాటాక
రైలు కొండలోకి దిగింది, సూది గుడ్డలోకి దిగినట్టు.
చీకటి, వెలుగు, చీకటి, వెలుగు.
ప్రతి సొరంగానికీ పెట్టెలో పిల్లలు కేకలు పెట్టారు.
నేను మాత్రం అలవాటు కొద్దీ
ఒక్కో కుట్టూ లెక్కపెట్టాను.
పద్దెనిమిది దగ్గర నూకరత్నం జామకాయ ఇచ్చింది.
లెక్క తప్పింది.

బొర్రా గుహల్లో గైడు
టార్చి వెలుగు కొసతో చూపించాడు:
ఇదిగో శివుడు, ఇదిగో ఏనుగు, అదుగో ముసలాడి గడ్డం.
అందరూ ఆఁ ఆఁ అన్నారు.
నాకు కనబడింది గుడ్డ.
తానులు తానులుగా తడిపి
ఎవరో పిండకుండా ఆరేసి మరిచిపోతే
అంచు నుంచి చుక్క చుక్క కారుతూనే
రాయైపోయిన గుడ్డ.
ఒక చుక్క నా నడినెత్తిన పడింది.
ఎన్నేళ్ళ కిందట బయల్దేరిందో, పాపం.
పమిటతో తుడిచేసుకున్నాను.
తరవాత సిగ్గేసింది.

"అసలైంది మా ఊరి పైన ఉందక్కా," అన్నాడు
గుహ బయట అడవి తేనె అమ్మే పాంగి దొంబు.
"టిక్కెట్టు లేదు. నడకే."

గంటన్నర.
కాఫీ తోటలు, మిరియాల తీగలెక్కిన సిల్వర్ ఓక్‌లు,
గెడ్డ మీద వంతెనకి బదులు ఒక దుంగ.
నూకరత్నం చెప్పులు చేత్తో పట్టుకుంది.
మలుపు తిరిగితే
బూరుగు.

మొదట చెట్టనుకోలేదు, గోడ అనుకున్నాను.
బోదె నేలకి దిగే చోట
మనిషెత్తు కుచ్చిళ్ళు,
ఒక్కో మడతలో మేకపిల్ల పడుకునేంత చోటు.
నిజంగానే ఒకటి పడుకుని ఉంది.
మాఘమాసం, ఒక్క ఆకు లేదు.
పైనెక్కడో ఎర్రపూలు.
చూద్దామని మెడ వెనక్కి వంచితే
టేపు జారి కింద పడింది.

ఎందుకు కొలిచావంటే ఏం చెప్పను?
మనిషొచ్చి ఎదురుగా నిలబడితే
భుజం ఇంత, నడుం ఇంత అని
టేపు కన్నా ముందు నా కన్ను చెప్పేస్తుంది.
ఈ చెట్టు ముందు కన్ను ఏమీ చెప్పలేదు.

అరవై అంగుళాల టేపు,
కొంగు ముడిలో నీలం సుద్దముక్క.
గీత పెట్టుకుంటూ, మడతల్లోకి దిగుతూ ఎక్కుతూ,
మేకపిల్లని లేపకుండా దాని వీపు పైనుంచి పోనిస్తూ
ఏడు టేపులూ ఇరవై రెండు అంగుళాలూ.

కట్టెలమోపు దించి చూస్తున్న సొంబారి అనే ముసలమ్మ
నోట్లో అడ్డపొగ తీసి అడిగింది:
"ఏటమ్మా, దీనికి రైక కుడతావేటి?"
దొంబు పడీ పడీ నవ్వాడు.
"గుడ్డ ఎంత పడుద్దో చూస్తన్నానప్పా," అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
"మాయమ్మ కాలంలో ఇదింతే. నా కాలంలోనూ ఇంతే.
మేమే కురసైపోతన్నాం."
మోపెత్తుకుని పోయింది.

తిరుగు రైల్లో నూకరత్నం
నా భుజమ్మీద నిద్రపోయింది.
సొరంగాలు లెక్కపెట్టలేదు.

సోమవారం బెల్టొచ్చింది.
బ్యాంకు మేడమ్ జాకెట్టుకీ
స్కూలు యూనిఫారాలకీ మధ్య ఒక పేజీ:
పేరు, బూరుగు.
చుట్టుకొలత, నాలుగువందల నలభై రెండు.
చేతులు, లెక్క తెలీదు.
మెడ, కనబడలేదు.
ఇవ్వాల్సిన తేదీ దగ్గర పెన్ను ఆగింది.

టేపు మీద ముప్ఫై నాలుగు దగ్గర జిగురు మరక.
ఉతికినా పోలేదు.
ఆ కొలతొచ్చిన ఆడవాళ్ళు
ఏంటిది, కాఫీయా అంటారు.
అవునంటాను.