నాలుగో క్లెయిములో ‘వెంటనే’

ట్రంకు రోడ్డు మేడ మీద, మా ఆఫీసులో
మూడు వారాలుగా ఒకే మాట నలుగుతోంది.
“నీటిలో ఆక్సిజన్ తగ్గిన వెంటనే
ఏరియేటరును ఆన్ చేయునట్టి సాఫ్ట్‌వేరు వ్యవస్థ” —
నాలుగో క్లెయిము, రెండో వరస.
ఎదుటివాళ్ళది నలభై సెకన్లకు తిరుగుతుంది.
నలభై సెకన్లు వెంటనేనా, కాదా?

నిఘంటువు ‘తోడనే’ అని తప్పుకుంది.
వివరణ పత్రం ‘తగినంత వేగంతో’ అంది,
అది ఇంకా అన్యాయం.
చట్టం మాత్రం ఒక మనిషి కళ్ళతో చదవమంది:
ఆ పనిలో చెయ్యి తిరిగినవాడు,
మరీ మేధావి కానివాడు.
అట్లాంటివాడు తీర్పుల్లోనే బతుకుతాడనుకున్నా.

విడవలూరు అవతల, రొయ్యల గుంట గట్టు మీద
రాత్రి రెండున్నరకి
చెంచురామయ్య టార్చి నీళ్ళకేసి పట్టి కూర్చోనుండాడు.
అడిగా.
“రొయ్య పైకొచ్చి మీసాలాడిచ్చిందంటే
అప్పుటికే ఆలీసం అబ్బయా.
ఎంటనే అంటే, దానికి ముందు.”

బండి మీద తిరిగొస్తూ లెక్కేశా.
ఆ లెక్కన వాళ్ళదీ వెంటనే కాదు,
మాదీ కాదు.

పొద్దున ఫైలు తెరిస్తే
ఆ మాట చుట్టూ నా పెన్సిలు సున్నా.
సున్నా లోపల ఇంకా తెల్లారలేదు,
ఎక్కడో ఒక మోటారు
అందుకోబోయి ఆగుతున్న చప్పుడు.