పైది పడితే పడవ

కాగితం తెచ్చింది నేనే, మంగళవారం పోస్టుతో.
పదిహేడో తేదీ, తెల్లవారుజాము నాలుగు నుంచి ఏడు దాకా
చిత్తడినేల మూడో గడిలో ఎవరూ ఉండకూడదు,
మొరోష్కా పళ్లకని వెళ్లినా సరే,
కుక్క తప్పిపోయినా సరే.
పద్నాలుగు ఇళ్లకి పద్నాలుగు సంతకాలు.
సవ్వాతి అందరికంటే ముందు సంతకం పెట్టి
అందరికంటే ముందు గొడ్డలికి పదును పెట్టాడు.

పైకి పోయేదేమిటో కాగితంలో లేదు.
మెజెన్ నది ఒడ్డున మాత్రం చంటిపిల్లకీ తెలుసు:
సైన్యం మాటలు మోసే ఉపగ్రహం.
ఓడ నుంచి ఓడకి,
మంచుకింద ఊపిరి బిగబట్టిన వాళ్లకి,
మూడో చెవిన పడకుండా
చెప్పింది చెప్పినట్టు చేరవేస్తుందట.
నేనూ మాటలు మోసేవాణ్ణే.
నా సంచీలో కవర్లు ఆవిరికి ఊడిపోతాయి,
చదవను.
ఎప్పుడో ఒకటి, వానాకాలం, చదివాను.

బడిపంతులమ్మ కపితలీనా
దీపం ముందు బంగాళాదుంప తిప్పి చూపించింది.
గుండ్రంగా తిరగదట అది.
దాని దారి సాగదీసిన కోడిగుడ్డు:
దక్షిణం మీద ఒకటే పరుగు,
ఉత్తరం పైకొచ్చేసరికి కాళ్లీడ్చుకుంటూ
ఎనిమిది గంటలు మా నెత్తిన తచ్చాట.
"మనమంటే అంత ఇష్టమా?" అన్నాడో పిల్లాడు.
ఆవిడ దుంప కడిగి కుండలో వేసింది.

ఈ ఊళ్లో ఫోను పలకాలంటే
అగ్నియా స్నానాల కొట్టం కప్పెక్కాలి,
పొగగొట్టం కౌగిలించుకుని తూర్పుకి వంగాలి.
ఆమె మనవడు ఎఫీమ్ ఓడలో సిగ్నల్ పని.
నెలకోసారి ఆ కప్పు మీద వాడి గొంతు,
"తిన్నావా బామ్మా",
ఆపైన గాలి.

పదిహేడున నిద్ర ఎవరికి పట్టింది?
నైరుతిలో అడవి అంచు పాలరంగుకి తిరిగింది,
ఆ పాలలోంచి ఒక చుక్క
కుట్టుసూదిలా పైకి దూసుకుపోయింది,
వెనక దారం తెగి, ఉబ్బి, ఆకాశమంతా పరుచుకుంది.
చప్పుడు లేదు. ఆవులు కూడా చూశాయి.
తరవాత, ఎంతసేపటికో,
చిత్తడిలో ఉరుము. రెండుసార్లు.
సవ్వాతి టోపీ వెతుక్కున్నాడు.

నాలుగు రోజులు రెయిన్‌డీర్ బండి మీద లాక్కొచ్చాడు.
నాచు పట్టిన గొట్టం, ఒక పక్క నుజ్జు,
తెల్లరంగు మీద సగం అంకె.
పసుపుపచ్చ నీళ్లున్న చోటికి కుక్కని రానివ్వలేదన్నాడు,
తన చేతులు మాత్రం మూరెడు మేర మండుతున్నాయి.
రేకు లోపలి వైపు పెన్సిలు రాత:
"సరిచూశాను. జినాయిద."
ఎవరో, ఏ ఊరి ఫ్యాక్టరీలోనో,
భోజనాల గంటకి ముందు రాసి ఉంటుంది.
ఆ ముక్క కొయ్యలేదు. ముక్కుకి వాడాడు.

పదిహేను రోజులు ఊరంతా రివెట్ల మోత.
ఒకటి ఎక్కింది, ఒకటి దిగింది.
పైది పడితే పడవ, మాకు.
పాత కొయ్యపడవ చీకిపోయిందని
ఇదే నాకిచ్చారు, పోస్టుకి.
తేలిక. నీటి మీద వేలితో గీసినట్టు పోతుంది.
ఎండలో కాస్త కిరోసిన్ కంపు,
ఉత్తరాలకీ అంటుతుంది, ఎవరూ ఏమనరు.

ఆ నెల ఎఫీమ్ మాట్లాడలేదు.
పై నెలా లేదు.
జిల్లా నుంచి వచ్చినాయన టీ తాగుతూ అన్నాడు,
"కొత్తది బాగా పనిచేస్తోందన్నమాట.
ఓడలిప్పుడు ఇంకా దూరం పోగలవు."
అగ్నియా చక్కెర గిన్నె ఆయన ముందునుంచి తీసేసింది.

మంగళవారం ఒడ్డుకొచ్చి నిలబడుతుంది.
అడగదు. నేనూ సంచీ తెరవను,
పత్రికే ఉందని నా భుజం చెబుతుంది.
మొన్న మాత్రం
తీసుకుపొమ్మంది, అవతలి గట్టుకి, గడ్డికోతకి.
నది మధ్యలో తెడ్డు ఆపమంది.
వేలి కణుపుతో రేకు మీద కొట్టింది,
మూడుసార్లు, ఆగి, ఒకసారి.
చెవి ఆనించి కూర్చుంది, తలగుడ్డ తడుస్తున్నా.

ఏమన్నా వినబడిందా అని అడగాలనిపించింది.
వలతో పక్కనే పోతున్న సవ్వాతి అరిచాడు:
"చప్పుడు చెయ్యకండే, చేపలు బెదురుతాయి!"