పిడికెడు బియ్యం లెక్క

దొర్కమ్మ సిస్టరు పోయిందని
మొన్న డిండి బస్సుల కండక్టరు చెప్పిండు.
టికెట్లు కొట్టుకుంట, చిల్లర ఇచ్చుకుంట,
నడుమల ఆగి
"మా ఇంట్ల ముగ్గురం ఆమె చేతులల్లనే పడ్డం" అన్నడు.
తర్వాత విజిలేసిండు. బస్సు కదిలింది.

దేవరకొండ మిషన్ దవాఖానల
నలభై ఏండ్లు తెల్లచీర కట్టింది.
మల్లెపువ్వు తెలుపేం గాదు,
నీలిమందు ఎక్కువై, టింక్చరు మరకలు పడి,
కుచ్చిళ్ళకు ఎర్రమన్ను పట్టిన తెలుపు.

పేరు పెట్టినోళ్ళకు తెల్వదు గానీ
సరిగ్గనే పెట్టిండ్రు.
రాత్రి రెండుగొట్టంగ తలుపు తట్టినా
తేలు కుట్టిన పిల్లగానికి దొరికేది.
ఉమ్మనీరు పోయిన తండా పిల్లకు,
డాక్టరు దొరకనోళ్ళకు దొరికేది.
దేవుడే దొరకలేదని ఏడ్చెటోళ్ళకు గూడ
ఒక గ్లాసు చాయ పట్టుకోని దొరికేది.

మెత్తని మనిషి అనుకునేరు.
నోరు మంచిది గాదు.
తాగొచ్చి కాన్పుగది ముందల లొల్లి వెట్టిన మా నాయినను
బెడ్‌పాన్‌తోని కొట్టింది.
చర్చిల పాట ఎత్తుకుంటే
తబలా ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు.
పాస్టరయ్య ప్రసంగం పొడుగైతే
రొమ్ము మీద పిన్నుకు తలకిందులుగ వేలాడే
నర్సు గడియారం ఎత్తి చూసి
గట్టిగ దగ్గేది.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలె.
మా తల్లులు ఎసట్ల బియ్యం పోసే ముందు
దేవుని పేర పిడికెడు తీసి కుండల వేసేటోళ్ళు.
ఆదివారం ఆ పిడికిళ్ళన్ని చర్చికి నడిచొచ్చేవి.
స్త్రీల సమాజానికి ఆమె పెద్ద,
డబ్బా తాళం ఆమె కొంగున.
ఆ ఏడు కరువు. వాగుల ఇసుకనే పారింది.
బియ్యం తక్కువున్నయని
సంఘ పెద్దలు బెంచీ మీద కూసోని
"రాసిన పుస్తకం ఏదమ్మా?" అన్నరు.

ఆమె ఏం మాట్లాడలే.
బయటికి పోయి
వేపచెట్టు కింది బాలెంతరాలి ఒళ్ళోంచి
నాలుగు నెలల పోరణ్ణి ఎత్తుకొచ్చి
బియ్యం తూచే తరాజుల పండవెట్టింది.
ఇటు బాట్లు వేసింది. ముల్లు నిలవడ్డది.
"నాలుగు కిలోల ముప్పావు.
పుట్టినప్పుడు కిలోన్నర.
రాసుకోండ్రి."

పెద్దలల్ల ఒకాయన నవ్విండంట.
ఇంకొకాయన ఇప్పటికీ ఒప్పుకోడు,
లెక్క లెక్కనే అంటడు.
ఆయన మాట గూడ తప్పు గాదు.
కానీ ఆ తరాజుల ఏడ్చింది నేను.

ఇయ్యాల పొద్దుగాల బొంద తవ్వుతుంటే
రెండు గడ్డపారలు వంగినయ్.
మా భూమి అంతే, జానెడు మన్ను, కింద బండ.
సాక్ష్యాలు చెప్పుండ్రని పాస్టరు పిలిస్తే
మైకు కాడికి ఎవ్వలు రాలే.
శానసేపటికి హమీదాబేగం లేచింది.
బుర్ఖా చెయ్యి పైకి మలిచి
భుజం మీది టీకా మచ్చ చూపెట్టింది, అంతే.
ఎన్కనే తండా నుంచొచ్చిన సోమ్లీబాయి
దండగాజులు కిందికి జరిపింది.
కండక్టరు ఖాకీ అంగి గుండీలిప్పిండు.
మర్రిగూడ నీళ్ళకు కాళ్ళు వంగిన ముసలాయన
లేవలేక కూసున్నకాణ్ణే చెయ్యి లేపిండు.
రూపాయి బిళ్ళంత మచ్చలు.
ఎవ్వలు ఏం చెప్పలే.
పాస్టరయ్య గూడ ప్రసంగం పక్కన పెట్టి
లాల్చీ చెయ్యి మడిచిండు.

మన్ను వేసినంక యాదికొచ్చింది.
స్నానం పోసిన ఆడోళ్ళు చీర మార్చి
పాత అలవాటున ఆ గడియారం గూడ
పిన్నుకు పెట్టే పంపిండ్రు.
రోజు కీ ఇయ్యాల్సిన గడియారం.
పెట్టెల పండవెట్టేటప్పుడు
ఎవరో మళ్ళ కీ ఇచ్చిండ్రు,
చెవి పెట్టి విన్న నేను.

ఈ రాత్రంత నడుస్తది.